దైవావేశం అంటే ఏమిటి? మన గూడేల్లో బైబిలును దేవుని వాక్యమని ఎందుకు నమ్ముతారు?

హైదరాబాదు వెంగళరావు నగర్‌లో మేము కొంతమంది పరిశోధక విద్యార్థులం అద్దెకుంటున్న గదిలో ఆదివారం సాయంత్రాలు కూర్చుని చదువుకుంటాం. ఆ మధ్య ఒక ఆదివారం అంబేద్కర్ 1936లో అచ్చువేసిన 'కుల నిర్మూలన' మీద చర్చ పెట్టుకున్నాం. శాస్త్రాలకు అంటగట్టిన పవిత్రతను కూలగొట్టందే కులం పోదని ఆయన తేల్చే చోటికి వచ్చేసరికి, డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు అడ్డం తగిలాడు. “శాస్త్రాలు కూలగొట్టాలి, సరే అన్నా. మరి బైబిలు దేవుడే రాయించాడని నమ్మే మా అమ్మ సంగతేంది? అదీ ఒక శాస్త్రమే కదా?”

గదిలో ఎవరూ వెంటనే మాట్లాడలేదు. ఎందుకంటే అలాంటి అమ్మ మాలో చాలామందికి ఉంది. దిండు పక్కన నల్ల అట్ట బైబిలు, అందులో పిల్లల పరీక్షల హాల్‌టికెట్లు, అప్పు చీటీలు దాచుకునే అమ్మ. ఆమె నమ్మకాన్ని ఎగతాళి చేయడం సులువు. పాస్టరుగారు చెప్పినట్టు తలూపడం ఇంకా సులువు. ఆ రెండూ కాకుండా, అసలు ఆమె ఏమి నమ్ముతుందో, ఎందుకు నమ్ముతుందో విడమరిచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

మాట ఎక్కడిది?

క్రైస్తవ వేదాంతంలో ఈ నమ్మకానికి ఆధారంగా చూపే ప్రధాన వాక్యం పౌలు పేరిట ఉన్న తిమోతి రెండవ పత్రిక 3వ అధ్యాయం 16వ వచనంలో ఉంది. అక్కడి గ్రీకు పదం 'థెయోప్నూస్తోస్'. అంటే దేవుడు ఊపిరి ఊదినది. మన ఇళ్ళలో ఉన్న తెలుగు బైబిలు దీన్ని 'దైవావేశము' అంది. పేతురు రెండవ పత్రిక మొదటి అధ్యాయం చివరలో ఇంకొక మాట ఉంది: ప్రవక్తలు తమ ఇష్టప్రకారం కాక పరిశుద్ధాత్మ ప్రేరణతో పలికారని. ఊపిరి, ఆవేశం, ప్రేరణ – ఈ మూడు మాటల చుట్టూనే ఈ సిద్ధాంతమంతా తిరుగుతుంది.

'ఆవేశం' అనే మాట గూడేనికి కొత్తది కాదు. మాతంగి ఒంటిమీదికి అమ్మవారు రావడం, ఆ స్థితిలో ఆమె ఊరి పెద్దలను సైతం మొహంమీదే తిట్టిపోయడం మాదిగల సంప్రదాయంలో ఉన్నదే. పోతులూరి వీరబ్రహ్మం కాలజ్ఞానమూ, ఆయన శిష్యుడిగా జనం చెప్పుకునే మాదిగ కక్కయ్య కథా మన పల్లెల్లో తరాలుగా వినపడుతూనే ఉన్నాయి. దేవుడు మామూలు మనిషి నోట మాట్లాడతాడనే ఊహ మిషనరీలు ఓడలో తెచ్చి దింపినది కాదు. ఆ మాట పుస్తకంగా చేతికి రావడమే కొత్త.

వాళ్ళు చెప్పే కారణాలు

ప్రార్థన కూటాల్లో, బైబిలు తరగతుల్లో వినిపించే కారణాలను వరసగా పెడితే ఇలా ఉంటాయి.

ఒకటి: బైబిలు తన గురించి తానే ఆ సంగతి చెబుతుంది. ప్రవక్తలు తమ మాటను యెహోవా వాక్కుగా ప్రకటించారు. యేసు సైతం పాత నిబంధన లేఖనాలను దేవుని మాటగా ఉదహరించాడు. దీనికి మన విద్యార్థులు వేసే ప్రశ్న న్యాయమైనదే: పుస్తకం నిజమని పుస్తకమే చెబితే ఎట్లా? దానికి చదువుకున్న క్రైస్తవులు ఇచ్చే జవాబు – ఇది రుజువు కాదు, సాక్ష్యం. సాక్షి ఏమంటున్నాడో ముందు వినాలి, తర్వాత మిగతావాటితో సరిచూసుకోవాలి అని.

రెండు: ప్రవచనాల నెరవేర్పు. మీకా గ్రంథంలోని బేత్లెహేము ప్రస్తావన, యెషయా 53వ అధ్యాయంలోని శ్రమపడే సేవకుడు – ఇవి యేసులో నెరవేరాయని విశ్వాసులు చూపిస్తారు. సువార్తలు రాసినవాళ్ళకు ఆ పాత గ్రంథాలు ముందే తెలుసు, వాటి వెలుగులోనే యేసు కథ చెప్పారు అని విమర్శకులు అంటారు. ఈ వాదం ఇంకా తెగలేదు.

మూడు: ఏకత్వం. ప్రొటెస్టెంట్ల లెక్కలో 66 పుస్తకాలు, కేథలిక్కుల లెక్కలో 73. హీబ్రూ, అరమాయిక్, గ్రీకు – మూడు భాషలు. సంప్రదాయ లెక్క ప్రకారం సుమారు 40 మంది రచయితలు, సుమారు 1,500 ఏళ్ళ కాలం. రాజులు, పశువుల కాపరులు, జాలరులు రాసినా ఒకే కథ నడిచిందంటే వెనుక ఒకే కర్త ఉన్నాడని వాళ్ళ తర్కం. అయితే ఏ పుస్తకాలు ఉండాలన్నది సంఘం చాలాకాలం చర్చించుకుంటూ వచ్చింది. కొత్త నిబంధనలోని 27 పుస్తకాల పట్టిక ఇప్పుడున్నట్టుగా మనకు కనిపించేది క్రీ.శ. 367లో అతనాసియస్ రాసిన లేఖలో. సంఘం ఆ పుస్తకాలకు అధికారం ఇవ్వలేదు, వాటిలో ఉన్న అధికారాన్ని గుర్తించింది అని విశ్వాసుల సమాధానం.

నాలుగు: పాఠం చెడకుండా నిలవడం. 1947లో మృతసముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో దొరకడం మొదలైన చుట్టల్లో యెషయా గ్రంథం అప్పటికి తెలిసిన హీబ్రూ ప్రతులకంటే సుమారు 1,000 ఏళ్ళు పాతది. పోల్చి చూస్తే చిన్న తేడాలున్నా పాఠం చాలావరకు ఒకటే. ఇది గట్టి విషయమే. అయితే నకలు రాసినవాళ్ళు జాగ్రత్తగా రాశారని మాత్రమే ఇది చూపుతుంది. రాసిన మాట దేవునిదని చూపదు.

అయిదు: బతుకు మారడం. తాగుడు మానినవాడు, కొట్టడం మానిన భర్త, చావు బతుకుల్లోంచి లేచిన బిడ్డ. కూటంలో లేచి 'సాక్ష్యం' చెప్పేది వీటి గురించే. పండితుల పుస్తకాల్లో ఇది చివరి కారణం. మన గూడేల్లో ఇదే మొదటిది. పదహారో శతాబ్దపు సంస్కర్త కాల్విన్ కూడా వాదనలన్నిటికంటే చదివేవాడి లోపల ఆత్మ ఇచ్చే సాక్ష్యమే పెద్దదన్నాడు. మన అమ్మలు కాల్విన్ పేరు వినలేదు. “వాక్యం నాతో మాట్లాడింది” అంటారు, అంతే.

అందరి నమ్మకం ఒక్క తీరుగా ఉందని కూడా అనుకోవద్దు. ప్రతి మాటా దేవుడు పలికించిందే, అందులో ఏ తప్పూ లేదని 1978 షికాగో ప్రకటన లాంటివి పట్టుబట్టాయి. దేవుడు కర్తే, మనుషులూ తమ భాషతో, తమ శక్తితో రాసిన నిజమైన రచయితలే అని 1965లో రెండవ వాటికన్ మహాసభ చెప్పింది. ఇంకొందరు పుస్తకంలో దేవుని మాట ఉంది, అక్షరం అక్షరం దేవునిది కాదంటారు.

ఒంగోలులో తెరుచుకున్న పేజీ

ఈ కారణాలన్నీ ఒక పక్కన పెట్టి, తెలుగు నేల మీద ఈ నమ్మకం ఏం చేసిందో చూద్దాం.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. తొలి రోజుల్లో బ్రాహ్మణులు, ఇతర పెద్దకులాలవాళ్ళు సుముఖంగానే ఉన్నారు, పిల్లల్ని బడికి పంపారు. అప్పటికే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ క్రైస్తవుడయ్యాడు. అంతకుముందు ఆయన రాజయోగం నేర్చినవాడు. ఆయన వెంట మాదిగలు రావడం మొదలైంది. మాదిగల్ని చేర్చుకుంటే మేము రామని పెద్దకులాలవాళ్ళు చెప్పేశారు. పైనుంచి కిందికి మతం దిగివస్తుందన్న ఆశ మీద బతికే మిషన్‌కు అది పెద్ద సంకటం.

ఆ సంకటంలో క్లౌ తన గదిలో ఒక కొత్త నిబంధన తీస్తే కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయం తెరుచుకుంది. లోకం నీచులనుకున్నవాళ్ళనే, లెక్కలోకి రానివాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. పక్క గదిలో ఆయన భార్య హ్యారియట్ కూడా అదే భాగం చదివి ఆయన దగ్గరికి వచ్చింది. ఇద్దరూ దాన్ని దేవుని మాటగానే తీసుకున్నారు. పెద్దకులాల పిల్లలు వెళ్ళిపోయినా సరే, మాదిగల వైపు నిలబడ్డారు.

పుస్తకం యాదృచ్ఛికంగా తెరుచుకుందా, దేవుడే తెరిచాడా అని తేల్చడం మా పని కాదు. మేము చూసేది వేరే సంగతి. లెక్క ప్రకారం పోతే బ్రాహ్మణుణ్ణి వదులుకుని మాదిగను పట్టుకోవడం నష్టం బేరం. ఆ బేరాన్ని కాదనడానికి క్లౌకు తనకంటే, తన మిషన్ బోర్డుకంటే, ఊరి పెద్దలకంటే పైనున్న ఒక అధికారం కావాల్సి వచ్చింది. దైవావేశమనే నమ్మకం ఆ అధికారాన్నిచ్చింది. ఆ రోజు ఒంగోలులో దేవుని వాక్యమంటే కులపెద్దల మాటకు తిరుగులేని ఎదురుమాట.

ఆ తర్వాత 1876–78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో 3 మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని జనానికి కూలి చూపించాడు. ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వీళ్ళలో చదువు వచ్చినవాళ్ళు బహు తక్కువ. చదవలేని పుస్తకాన్ని దేవుని మాట అని ఎట్లా నమ్మారు? ఆ మాట చెప్పులు కుట్టే పేరయ్యల నోటినుంచి విన్నారు కాబట్టి.

అపౌరుషేయమూ, దైవావేశమూ ఒకటేనా?

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం. వేదమూ మనిషి చేసింది కాదంటారు, బైబిలూ దేవునిదంటారు. రెండూ ఒకటే కదా?

మీమాంసకుల లెక్కలో వేదం 'అపౌరుషేయం'. అంటే దానికి మనిషి కర్త లేడు, దేవుడు కూడా కర్త కాదు. దాని శబ్దమే పవిత్రం. శబ్దం పవిత్రమైనప్పుడు ఎవరు ఉచ్చరించాలి, ఎవరు వినకూడదు అన్న కాపలా వచ్చి తీరుతుంది. వేదం విన్న శూద్రుడి చెవుల్లో తగరం, లక్క కరిగించి పొయ్యమని గౌతమ ధర్మసూత్రం రాసింది. శూద్రుడికే అంత శిక్ష రాసిన చోట పంచముడి గతి చెప్పేదేముంది!

దైవావేశ సిద్ధాంతంలో మనిషి చెయ్యి ఉంది. ఆమోసు పశువులు కాచినవాడు, మేడిపండ్లు ఏరుకున్నవాడు. ఆ మనిషి యాసలో దేవుడు మాట్లాడాడంటే, ఇంకొక మనిషి యాసలోకి కూడా ఆ మాట రావచ్చు. అందుకే అనువాదం చేసినా అది దేవుని వాక్యంగానే మిగులుతుంది. 1812లో సెరాంపూర్‌లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చయ్యాయి. విశాఖపట్నంలో ఆ అనువాదం చేసిన దెగ్రాంజ్‌కు సాయపడింది క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయరు. అందుకే బైబిలు తెలుగు మన వాడల తెలుగు కాదు, గ్రాంథికం. అయినా పలక పట్టని మన నాయనమ్మలు ఆ గ్రాంథికాన్ని నోటికి పట్టారు. మాలో ఒకరి తల్లి బడి మొహం చూడలేదు. రాత్రిపూట ప్రార్థన కూటంలో వేలుపెట్టి కూడబలుక్కుంటూ నేర్చుకున్న అక్షరాలతోనే తర్వాత రేషన్ కార్డు చదివింది, కూలి లెక్క చదివింది, కొడుకు డిగ్రీ పట్టా చదివింది.

ముట్టుకుంటే మైలపడని పుస్తకం. మనం ముట్టుకోవాలనే రాయించిన పుస్తకం. దేవుని మాట అని మనవాళ్ళు నమ్మడానికి పండితుల పట్టికలో లేని కారణం ఇదేనని మా అభిప్రాయం.

ఈ నమ్మకానికి కడుతున్న ధర

'బియ్యం క్రైస్తవులు' అని తిట్టేవాళ్ళు ఒక సంగతి దాచిపెడతారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవ దళితులకు ఇవ్వలేదు. మన దగ్గర వాళ్ళను బి.సి.–సి.లో పెట్టి 1 శాతం చేతిలో పెట్టారు. అంటే ఈ పుస్తకం చేతబట్టానని బహిరంగంగా చెప్పిన దళితుడు రిజర్వేషన్ పోగొట్టుకోవాలి, అట్రాసిటీ చట్టం రక్షణ పోగొట్టుకోవాలి. అంటరానితనం మాత్రం పోదు. అందుకే సర్టిఫికెట్‌లో ఒక పేరు, సంఘంలో ఒక పేరు పెట్టుకుని లక్షలమంది బతుకుతున్నారు. లాభం కోసం నమ్మేవాళ్ళు ఇంత నష్టం మోస్తారా?

ఎవరు చదువుతున్నారు?

ఇంత చెప్పి ఇక్కడ ఆగిపోతే మేము సగమే చెప్పినట్టు. అదే బైబిల్లో దాసులు యజమానులకు లోబడాలన్న పత్రికలున్నాయి, స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న మాటలున్నాయి. 'దేవుని వాక్యం' అనే ముద్ర వాటిమీదా ఉంది. అమెరికాలో నల్లజాతి బానిసలకు వాటినే వినిపించారు. మన దగ్గరా “పై లోకం చూసుకోండి, ఉద్యమాల జోలికి పోకండి” అని బోధించేవాళ్ళున్నారు. సంఘాల్లో మాల, మాదిగ, రెడ్డి, కమ్మ గీతలు చెరగలేదు. మతం మారిన అంటరానివాళ్ళు తమకు జరిగే అన్యాయం మీద పోరాడటం లేదని అంబేద్కర్ నిష్ఠూరంగా రాసింది ఇందుకే. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినప్పుడు బాధితుల్లో బైబిలు చదివే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ తర్వాతి ఆదివారాల్లో ఏ వాక్యం చదివారన్నది ప్రతి సంఘమూ తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్న.

దళిత వేదాంతం ఈ ప్రశ్నతోనే మొదలైంది. ఎ.పి. నిర్మల్ 1980లలో ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయాన్ని దళితుల చరిత్రగా చదివి చూపించాడు: దిక్కులేని తిరుగుబోతు జాతి, వెట్టి, మొర, విడుదల. మన హైదరాబాదులోనే కె. విల్సన్ 1982లో దళిత క్రైస్తవుల్ని రెండుసార్లు పరాయీకరణకు గురైనవాళ్ళని వర్ణించాడు. దైవావేశం కాగితం మీద ఆరిన సిరా కాదు, చదివే జనంలో కొనసాగే ఊపిరి అని అర్థం చేసుకుంటే, ఏ వాక్యం విడుదలకు పనికొస్తుందో, ఏ వాక్యం సంకెళ్ళకు పనికొస్తుందో అడిగే హక్కు చదివేవాళ్ళకు వస్తుంది.

తమ్ముడికి ఆ రోజు మేము చెప్పింది ఇదే. అమ్మ చేతిలో పుస్తకం లాక్కోవద్దు. ఆమె పక్కన కూర్చుని చదువు. ఆమోసు చదవమను, యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో కూలి ఎగ్గొట్టిన ధనవంతుల సంగతి చదవమను. తర్వాత అంబేద్కర్‌ను ఆమెకు చదివి వినిపించు. అక్షరం మనదాకా రానివ్వని వెయ్యేళ్ళ కాపలాను దాటి వచ్చిన మనిషి ఆమె. ఏ పుస్తకం ఏం చేస్తుందో ఆమెకు మనకంటే బాగా తెలుసు.

“వచ్చే ఆదివారం మా అమ్మను తీసుకొస్తా, మీరే అడగండి” అన్నాడు తమ్ముడు. తీసుకురమ్మన్నాం.