పెడలా... మోటారా?

కొవ్వూరు నుంచి రాజమండ్రి వచ్చే రోడ్డు-రైలు వంతెన. 1974 నుంచీ దాని మీద సైకిలు తొక్కేవాళ్లందరిదీ ఒకటే పద్ధతి. ఎక్కేటప్పుడు సీటు వదిలేసి నిలబడి తొక్కుతారు. పైకి చేరాక ఊపిరి పీల్చుకుంటారు. దిగేటప్పుడు కాళ్లు కదపరు, వేళ్లు మాత్రం బ్రేకు మీదే. ఈపాటి తెలివిని బండికి నేర్పాలంటేనే ఇంజినీరింగ్ కుర్రాళ్లకి చెమటలు పడతాయి.

రెండు రకాల శక్తితో నడిచేదే హైబ్రిడ్ బండి. 1997లో వచ్చిన టయోటా ప్రియస్‌లో పెట్రోలు ఇంజినూ కరెంటు మోటారూ ఉంటాయి. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ 2007లో విద్యార్థుల కోసం ఫార్ములా హైబ్రిడ్ పోటీ మొదలుపెట్టింది. మన దేశంలో 2010లో మొదలైన ఎఫిసైకిల్ పోటీలో బండికి మూడు చక్రాలు, తొక్కడానికి ఇద్దరు, సాయానికి మోటారు. చట్రం వెల్డింగ్ షాపులో తయారవుతుంది. మోటారు బజార్లో దొరుకుతుంది. దొరకనిది ఒక్కటే... ఎప్పుడు ఎవరు పనిచేయాలో తేల్చే బుర్ర. అదే కంట్రోల్ సిస్టమ్.

మనుషులతో కలిపి బండి బరువు 250 కిలోలనుకుందాం. చదును రోడ్డు మీద గంటకి 20 కిలోమీటర్ల వేగానికి సుమారు 220 వాట్లు చాలు. ఇద్దరు తీరిగ్గా తొక్కితే వచ్చేస్తాయి. అదే వంద అడుగులకి మూడడుగులు లేచే ఎత్తు తగిలిందా, అదనంగా మరో 400 వాట్లు కావాలి. మోటారుకి పని పడేది అక్కడే.

ఈ లెక్కలన్నీ ముందు కంప్యూటర్లో మోడల్‌గా కట్టి నడిపిస్తారు. మోడల్ నిజమో కాదో తేల్చడానికి మన డెల్టా రోడ్లు భలే పనికొస్తాయి. వేగం అందుకున్నాక వదిలేసి, బండి ఎంతదూరం దొర్లి ఆగిందో కొలిస్తే సరి. అయితే చిక్కూ ఇక్కడే ఉంది. కాలవగట్ల మీద నెలల తరబడి చక్కగా నడిచిన బండి, పోటీలో ఎత్తెక్కుతూ సగంలో ఆగిపోవచ్చు. మోటారు ఎక్కువ కరెంటు లాగగానే వోల్టేజీ పడిపోతుంది. బ్యాటరీ అయిపోయిందనుకుని కంట్రోలర్ మోటారుని ఆపేస్తుంది. ఆపగానే వోల్టేజీ లేస్తుంది, మళ్లీ నడుపుతుంది, మళ్లీ ఆపుతుంది. ఏడాది శ్రమా, తలా ఇంత వేసుకున్న డబ్బూ ఆ వాలు మీదే ఆగిపోతాయి.

దీనికి మందు గోదారి జనానికి కొత్తేం కాదు. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అల తాకినప్పుడల్లా హెచ్చరిక ఇచ్చి, తగ్గగానే తీసేస్తుంటే లంకల్లో జనం సామాను సర్దుకోవడం, విప్పుకోవడంతోనే సరిపోతుంది! కంట్రోలర్‌కీ అంతే. 48 వోల్టుల బ్యాటరీ 42కి పడి, కొన్ని సెకన్లు అక్కడే ఉంటేనే మోటారు ఆపాలి. 46కి లేస్తే తప్ప మళ్లీ నడపకూడదు. ఆ రెండంకెలూ ఎంతుండాలో మోడల్లోనే ఎత్తుపల్లాలు పెట్టి తేల్చుకోవాలి.

అసలు భయం వేరే ఉంది. మోటారు వేగం పెంచే థ్రాటిల్ నుంచి 1-4 వోల్టుల మధ్య సంకేతం వస్తుందనుకోండి. తీగ తెగితే సున్నా. పొరపాటున వేరే తీగకి ఆనితే 5. ఆ 5ని ‘ఫుల్ స్పీడు’ అనుకుంటే ఇంకేమైనా ఉందా! హద్దు దాటిన అంకె ఏదొచ్చినా మోటారు ఆగాలి. బ్రేకు నొక్కితే, థ్రాటిల్ ఏం చెప్పినా సరే, ఆగాలి.

దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి, వేగాన్ని తగ్గిస్తూ బ్యాటరీని నింపగలదు. కానీ ఇంట్లో నిండా చార్జింగ్ పెట్టి బయల్దేరగానే వాలు తగిలితే ఆ కరెంటుకి బ్యాటరీలో చోటుండదు. అందుకే దిగేవాళ్ల వేళ్ల కింద మామూలు బ్రేకు తీగ ఒకటి విడిగా ఉండాల్సిందే.