నీళ్ళ లెక్క తెలిసిన మా నాయన

ఇంజనీరు గారమ్మాయి అంటే చాలామందికి బంగళా, జీపు, నౌకర్లు గుర్తొస్తాయి. ప్రాజెక్టుల దగ్గర పెరిగిన పిల్లల్ని అడిగి చూడండి, వేరే సంగతులు చెబుతారు. రేకుల క్వార్టర్లు, ఏడాది మధ్యలో మారే బళ్ళు, మూటలు పూర్తిగా విప్పకముందే వచ్చిపడే బదిలీ ఉత్తర్వులు. మేం ముగ్గురు ఆడపిల్లలం అలాగే పెరిగాం. అయినా మా చిన్నతనంలో ఏదో లోటు జరిగిందని ఎప్పుడూ అనిపించదు. అందుకు కారణం మా నాయన.

నాయన 1936లో జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున ఒక పల్లెలో పుట్టారు. ఏటి ఒడ్డు కదా, నీళ్ళకేం కరువు అనుకోకండి. నంది కొండల్లో పుట్టిన పెన్న మా దాకా వచ్చేసరికి ఏడాదిలో చాలా నెలలు ఒట్టి ఇసుకే. మా జేజి ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడి బిందె నింపేది. ఆ బిందె నెత్తిన పెట్టుకుని గట్టెక్కి ఇంటికి రావాలి. రోజుకు ఆరేడుసార్లు! "మా అమ్మ నెత్తిన బిందె చూసే నేను ఇంజనీరునైనాను" అనేవారు నాయన.

దత్తమండలాల పిల్లల కోసం 1946లో మద్రాసు గిండీలో మొదలై, 1948లో అనంతపురానికి తరలి వచ్చిన ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన చదువుకున్నారు. 1958లో నాగార్జునసాగర్‌లో ఉద్యోగం. నెహ్రూ గారు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేసిన ఆ డ్యాం రాతి కట్టడం. మగవాళ్ళతో సమానంగా ఆడకూలీలు రాళ్ళు మోసి కట్టిన డ్యాం అది. జీతాల రోజున మొగుళ్ళు వచ్చి పెళ్ళాల కూలి అడిగితే నాయన ఇచ్చేవారు కాదట. "మోసినోళ్ళ చేతిలోనే పెడతా. ఆ తర్వాత మీ ఇష్టం" అనేవారట. ఈ మాట అమ్మ మాకు ఎన్నిసార్లు చెప్పిందో! 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్ళు వదిలిన నాటికి నాకు మూడేళ్ళు.

బంగారు గాజులు, రెండు జడలు

సాగర్ తర్వాత శ్రీశైలం. ఎనభైల మొదట్లో రెండేళ్ళు లిబియా. తమ్ముళ్ళ చదువుల కోసం, చెల్లెలి పెళ్ళి కోసం అప్పటికే అమ్మ గాజులు కుదువకు పోయి, మళ్ళీ ఇంటికి రాలేదు. అమ్మ ఆ సంగతి ఏనాడూ ఎత్తలేదు. లిబియా నుంచి వచ్చిన వారానికే నాయన ఆమెను ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకు తీసుకుపోయి నాలుగు గాజులు తీయించారు. "నువ్వు అడగలేదు, నేను మర్చిపోలేదు" అన్నారట. అమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ గాజులు చేతినుంచి తీయదు.

అమ్మకు జ్వరం వస్తే మాకు జడలు వేసేది నాయనే. రెండు జడలూ సరిసమానంగా ఉండాలి. వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి, కొలత పట్టినట్టు చూసేవారు. తేడా వస్తే విప్పి మళ్ళీ అల్లేవారు. బడికి ఆలస్యమైనా సరే!

తర్వాత తుంగభద్ర ఎగువ కాలువ పనుల మీద మైలవరం, పులివెందుల వచ్చారు. పులివెందుల వైపు అప్పుడు వేరుశనగ పైర్లు, చీనీ తోటలు. బోర్లెండిపోయి, ఏళ్ళ తరబడి పెంచిన చీనీ చెట్లను ట్యాంకర్లతో నీళ్ళు తెచ్చి కాపాడుకునే రైతుల్ని చూశాం. ఒకరోజు "టీఎంసీ అంటే ఏంది నాయనా?" అని మా చెల్లెలు అడిగింది. వంద కోట్ల ఘనపుటడుగులు అని ఊరుకోవచ్చు కదా. ఆయన వంటింట్లోంచి బిందె తెచ్చి ముందు పెట్టారు. "ఇది పదిహేను లీటర్లు. ఇట్లాంటివి సుమారు 189 కోట్ల బిందెలు పోస్తే ఒక టీఎంసీ. మీ జేజి మోసినవన్నీ కలిపినా అందులో ఒక మూలకు రావు" అన్నారు. పేపర్లో ఎక్కడ టీఎంసీ అన్న మాట కనబడినా నాకిప్పటికీ బిందెలే కళ్ళముందు మెదులుతాయి.

1994లో రిటైరయ్యి ప్రొద్దుటూరులో స్థిరపడ్డారు. సాయంత్రాలు మనవల్ని వెంటబెట్టుకుని కాలువ గట్లు చూపించేవారు. కర్నూలు-కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సేద్యానికే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వింది. లాభాలు రాక 1882లో ప్రభుత్వానికి అమ్మేసింది. "కంపెనీ లెక్కలో అది నష్టమే. మరి మన లెక్కలో?" అని పిల్లల్ని అడిగేవారు. ఏ పని చూసినా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "దీంతో ఎవరి నెత్తిన బరువు దిగింది?"

అత్త అడిగిన లెక్క

ఆ ప్రశ్న ఆయనకే ఎదురు తిరిగిన రోజు కూడా వచ్చింది. మా మేనత్తను, అంటే నాయన అక్కను ఇచ్చింది గండికోట జలాశయం ముంపు పల్లెల్లో ఒకదానికి. నాయన ఉద్యోగం చేసిన శ్రీశైలం నీళ్ళే పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకు దాటి గండికోటకు వస్తాయి. అక్కణ్ణించి ఎత్తిపోతలతో పులివెందుల వైపు చిత్రావతి జలాశయానికి పోతాయి. ఆ పథకం గురించి చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది. దాదాపు 27 టీఎంసీలు నిలిపే జలాశయం మరి! కానీ 2020లో నీటిమట్టం పెంచుతూ పోయేసరికి అత్త ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది.

ఆమెకు అప్పటికి ఎనభై ఎనిమిదేళ్ళు. నాయన ఎనభై నాలుగేళ్ళ వయసులో, అదీ కరోనా రోజుల్లో, వద్దన్నా వినకుండా కారు మాట్లాడుకుని పోయారు. నేనూ వెంట ఉన్నాను. అత్త అరుగు మీద కూర్చుని ఉంది. "రా అబ్బోడా" అని పక్కన కూర్చోబెట్టుకుంది. కాసేపటికి, "నీళ్ళొస్తే అందరి నెత్తిన బరువు దిగుతాదంటివే. మరి నా నెత్తినెందుకు ఎక్కిందిరా? మీ లెక్కలో నేను లేనా?" అని అడిగింది.

నాయన వాదించలేదు. పరిహారం గురించి మాట్లాడలేదు. అక్క చేయి పట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చున్నారు. తర్వాత లేచి, "ఏమేం తీసుకుపోదామో చెప్పక్కా" అన్నారు. రోలు, దంతెల మంచం, మా మామ నాటిన కరివేపాకు మొక్క పిలకలు. ఒక్కొక్కటీ ఆయనే కాగితం మీద రాసుకుని, దగ్గరుండి బండికెత్తించారు. కొత్త ఇంటికి చేరాక ప్రతినెలా పోయి ఒక పూట ఆమె దగ్గర ఉండి వచ్చేవారు. సంగటి, ఊరిబిండి చేసి పెట్టేది అత్త. కోపం పోయిందా అని మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. తమ్ముడు వస్తాడని మాత్రం పొద్దున్నుంచే గడప దగ్గర కూర్చునేది.

అప్పటినుంచి నాయన ప్రశ్న మారింది. "ఎవరి నెత్తిన బరువు దిగింది?" అన్నాక, కాస్త ఆగి, "ఎవరి నెత్తికెక్కింది?" అని కూడా అనేవారు. 2022లో పోయేదాకా రెండూ కలిపే అడిగారు.

డ్యాముల మీద ఇంజనీర్ల పేర్లు అన్నిసార్లూ ఉండవు. చెలమ తోడిన జేజిలు, రాళ్ళు మోసిన అమ్మలు, ఇల్లు వదిలిన అత్తల పేర్లు అసలే ఉండవు. మీ కుళాయిలో నీళ్ళు వచ్చినప్పుడు, మీ ఇంటి పెద్దవాళ్ళను ఒక్కసారి అడగండి: ఈ నీళ్ళు ఎక్కడివి, ఎవరు తెచ్చారు, ఎవరు వదులుకున్నారు అని. వాళ్ళు చెప్పగలిగినప్పుడే రాసిపెట్టుకోండి. నేను నాయన సంగతులు రాసుకున్నాను. అత్తవి ఇంకా రాస్తున్నాను.