లేసుపని - ‘తీరిక’ అనే మాట

కోనసీమ అనగానే మన సాహిత్యంలో ఒక పటం తయారుగా ఉంటుంది. కొబ్బరితోట, కాలవ, పడవ, అంతర్వేది తీర్థం, కాస్త వెటకారం కలిసిన మాట. శ్రమవైపు చూసే రచయిత అయితే ఆ పటంలో కొబ్బరి దింపేవాణ్ణో, ఊడ్పుల కూలీలనో, పీచు కొట్టే ఆడవాళ్లనో నిలబెడతాడు. ఇవన్నీ ఆరుబయట జరిగే పనులు, దారినపోయేవాడికి కనబడే పనులు. వీధి అరుగుమీద తలవంచుకు కూర్చుని, ఒళ్లో నూలు ఉండ, వేళ్లమధ్య కొక్కెం సూది పెట్టుకున్న మనిషి మాత్రం నేను చదివిన కథల్లో బహు అరుదుగా తగిలింది. తగిలిన చోటకూడా ఆమె చేస్తున్నది పని అని కథకుడు భావించినట్టు తోచదు. నాయిక ఎవరికోసమో ఎదురుచూస్తున్నదని చెప్పడానికి లేసు ఒక సూచన, అంతే.

ఆ సూది గురించి నాకు తెలిసింది ఒక్కచోట కాదు. కొంత మావైపు అరుగులమీద, కొంత ఒక జర్మన్ పరిశోధకురాలి పుస్తకంలో, మరికొంత గణితశాస్త్రంలో. వాటిని ఒకచోట చేర్చి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వశిష్ఠ గోదావరికి అవతలి గట్టున నరసాపురం, ఇవతల సఖినేటిపల్లి, దాని వెనక అప్పటి రాజోలు తాలూకా. మధ్యన పంటు. లేసుకు పేరు నరసాపురానిది, వ్యాపారం నరసాపురానిది, పాలకొల్లుది. నూలు ఉండలు మాత్రం ఏరు దాటి ఇటూ వచ్చేవి, అల్లిన పువ్వులు అటు పోయేవి. ఈ పని మన పూర్వులు కనిపెట్టింది కాదు. 19వ శతాబ్దంలో గోదావరి డెల్టాకు వచ్చిన క్రైస్తవ మిషనరీలు, ముఖ్యంగా వారి ఇళ్లలోని స్త్రీలు, మతం మార్చుకున్న నిరుపేద దళిత స్త్రీలకు దీన్ని నేర్పారు. అమ్మకం కూడా మొదట మిషన్ల ద్వారానే, సముద్రాల అవతల జరిగింది.

ఇక్కడ ఐర్లండును తలుచుకోవాలి. 1845లో బంగాళాదుంపల పంటకు తెగులు సోకి అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. కన్యాస్త్రీల మఠాల్లో, కరువు సహాయక కేంద్రాల్లో పేద స్త్రీలకు, పిల్లలకు కొక్కెం సూదితో లేసు అల్లడం నేర్పి, ఆ సరుకును ఇంగ్లండు సంపన్నులకు అమ్మి గింజలు కొన్నారు. సంపన్నుల లేసు అంతకుముందు వేరే పద్ధతుల్లో, ఎన్నో కండెలతో, ఏళ్ల తరబడి శిక్షణతో తయారయ్యేది. కొక్కెం సూదికి అవేమీ అక్కర్లేదు. ఒక్క సూది, ఒక్క దారం, రెండు చేతులు. ఆకలిమీద ఉన్నవారికి తొందరగా నేర్పగలిగే కళ కాబట్టే అది పేదల ఇళ్లకు వచ్చింది. గోదావరి డెల్టాకు కూడా అది అందంగా ఉన్నందువల్ల రాలేదు.

ఇక పని సంగతి. దారాన్ని ఒక ముడిగా వేసి, ఆ ముడిలోంచి కొక్కెంతో దారాన్ని లాగితే ఇంకో ముడి. అందులోంచి ఇంకొకటి. ఇదే చైను. ఆ చైనును గుండ్రంగా కలిపి, దానిచుట్టూ మళ్లీ కుట్లు వేసుకుంటూ పోతే పువ్వు, పువ్వులన్నీ కలిస్తే బల్లగుడ్డ. చెప్పుకోవడానికి ఇంతే. కాని అరుగుమీది స్త్రీ ముందు కాగితంమీద రాసిన సూత్రం ఏదీ ఉండదు. ఏజెంటు ఒక నమూనా ముక్క ఇస్తాడు. ఆమె దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, మధ్యనుంచి అంచుదాకా కళ్లతోనే లెక్కపెడుతుంది. మా మేనత్త అక్షరం ముక్క రాని మనిషి. ఒకసారి చూసిన నమూనాను నాలుగు రోజుల తరవాత తీసి చూడకుండానే అల్లేది. దాన్ని చదవడం అనక మరేమనాలో సాహిత్య విద్యార్థులే చెప్పాలి.

లెక్కలో ఒక కీలకం ఉంది. గుండ్రటి పువ్వు బల్లపరుపుగా రావాలంటే వరస వరసకూ ఒకే సంఖ్యలో కుట్లు పెంచుకుంటూ పోవాలి. ఆరు పెంచితే ప్రతి వరసలోనూ ఆరే. తక్కువ పెంచితే అంచులు పైకి లేచి గిన్నెలా అవుతుంది. ఎక్కువ పెంచితే అంచు చోటు చాలక ముడతలు ముడతలుగా విరుచుకుపోతుంది. ఈ మూడూ పిల్లలకు ఎనిమిదో ఏటికే తెలుస్తాయి, ఎందుకంటే ముడత పడిన పువ్వుకు కూలి రాదు. నూలు ఖర్చు కూడా పడుతుంది.

1820, 30 దశకాల్లో రష్యాలో లోబచేవ్‌స్కీ, హంగేరీలో బోయాయ్ యూక్లిడ్ సూత్రాలకు లొంగని ఒక తలాన్ని ఊహించారు. కేంద్రం నుంచి దూరమయ్యేకొద్దీ ఆ తలంమీద చోటు విపరీతంగా పెరిగిపోతుంది. చేతితో పట్టుకుని చూడగలిగే దాని నమూనా తయారు చేయడం గణితజ్ఞులకు చాలాకాలం తలనొప్పిగా ఉండేది. కాగితంతో చేసినవి చిరిగిపోయేవి. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న డైనా టైమిన్యా అనే లాట్వియా స్త్రీ దాన్ని కొక్కెం సూదితో అల్లి చూపించింది. చేసిందల్లా ఇన్ని కుట్లకు ఒక కుట్టు చొప్పున, అదే నిష్పత్తిలో, వరస వరసకూ పెంచుకుంటూ పోవడం. అంటే, మా అరుగులమీద కూలి రాకుండా పక్కన పడేసిన ముడతల పువ్వు వంటిదే. మా మేనత్తకు లోబచేవ్‌స్కీ తెలుసునని నేను అనడంలేదు. అలాంటి అతిశయోక్తులు మన ప్రాచీనతావాదులకు వదిలేద్దాం. ఆమె వేళ్లకు తెలిసింది జ్ఞానమేననీ, దాన్ని ‘కాలక్షేపం’ అన్నవారికి దానిగురించి ఏమీ తెలియదనీ మాత్రం అంటున్నాను.

‘కాలక్షేపం’, ‘తీరిక’, ‘ఖాళీగా కూర్చోకుండా’ అనే మాటల దగ్గరే అసలు గొడవ. ఈ మాటల లోపల ఏముందో విప్పి చూపిన పుస్తకం మరియా మీస్ రాసినది. 1982లో లండన్‌లో అచ్చయింది. పేరుకు తెలుగు చెప్పుకోవాలంటే ‘నరసాపురం లేసు అల్లేవాళ్లు: ప్రపంచ మార్కెట్టుకు సరుకు చేసే భారతీయ గృహిణులు’ అవుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసిన అధ్యయనం అది. తెలుగు పరిశోధకురాళ్లు ఆమెతో కలిసి ఊళ్లు తిరిగారు.

మీస్ చూపిన విషయం ఇది. ఈ స్త్రీలు ఇంటిచాకిరీ అంతా చేసుకుంటూ దానిమీద రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతారు. దానికి దక్కేది రోజుకు రూపాయి లోపు, అంటే ఆనాటి వ్యవసాయ కూలికి చాలా దిగువన. ఆ సరుకు యూరపు, ఆస్ట్రేలియా, అమెరికా దుకాణాలకు ఎగుమతి అవుతుంది. అయినా వారిని ఎవరూ కార్మికులుగా లెక్కించరు. ఎగుమతిదారు వారిని ‘ఇంట్లో కూర్చునే ఆడవాళ్లు’ అంటాడు, తీరిక వేళ సద్వినియోగం చేసుకుంటున్నారు అంటాడు. జనాభా లెక్కలవాడు ‘గృహిణి’ అని రాసుకుంటాడు. చివరకు వాళ్లూ అదే చెబుతారు. మీస్ దీనికి ‘గృహిణీకరణ’ అనదగిన ఒక పేరు పెట్టింది. స్త్రీలు ముందుగా గృహిణులై ఉండి, తరవాత కూలికి వచ్చినవారు కారు. వారిని గృహిణులుగా నిర్వచించడం ద్వారానే కూలిని ఆ స్థాయికి దింపడం సాధ్యమైంది. కార్మికురాలైతే కనీసవేతనం అడుగుతుంది, సంఘం పెడుతుంది. గృహిణికి వేణ్ణీళ్లకు చన్నీళ్లు చాలు!

మీస్ కులాన్ని కూడా వదిలిపెట్టలేదు. పేద రైతు కుటుంబాల్లో, ముఖ్యంగా కాపుల్లో, స్త్రీ గడప దాటకపోవడం గౌరవానికి గుర్తు. పొలంపనికి పోతే పరువు తక్కువ. లేసు ఆ పరువును నిలబెడుతూనే పొయ్యి వెలిగించింది. దళిత స్త్రీ మాత్రం కూలికీ పోయేది, లేసూ అల్లేది. ఒకే సూది, రెండు బతుకులు. నూలు ఇచ్చేవాడు, సరుకు పోగుచేసేవాడు, ఎగుమతి చేసేవాడు ఎక్కువభాగం మగవాళ్లే. భార్య అల్లిక మీద వచ్చిన డబ్బుతో చిన్న వ్యాపారం మొదలుపెట్టిన మగవాళ్లూ ఆ పుస్తకంలో ఉన్నారు.

ఇంకో వివరం నన్ను బాగా పట్టుకుంది. పని మొత్తం ఒక్కరి చేతిలో ఉండదు. పువ్వులు అల్లేది ‘చేతిపని’, వాటిని కలిపి గుడ్డగా చేసేది ‘అతుకుపని’. చేతిపని మనిషికి ఒక ఊళ్లో వందల పువ్వులు, అతుకుపని మనిషికి ఇంకో ఊళ్లో వాటి మూట. తాను అల్లిన పువ్వు ఏ గుడ్డలో ఎక్కడ కుదిరిందో మొదటి ఆమె చూడదు. పరాయీకరణ గురించి మన పత్రికల్లో ఎన్ని వ్యాసాలు వచ్చాయో! ఫ్యాక్టరీ గొట్టాలు, సైరన్లు, యంత్రపు పళ్లచక్రాలే అందులో ఉదాహరణలు. యంత్రం ఊసే లేకుండా, తులసికోట పక్కన, వంట మధ్యలో కూడా అది జరుగుతుందని ఈ రెండు మాటలు చెబుతాయి. ‘దేశచరిత్రలు’లో శ్రీశ్రీ తాజమహలు కూలీలను గురించి అడిగిన ప్రశ్న మనకందరికీ కంఠతా వచ్చు. రాళ్లెత్తినవాడు కనీసం కట్టడాన్ని చూశాడు.

విదేశీ పరిశోధకురాలు మన స్త్రీలను బాధితులుగా మాత్రమే చూసింది కదా అని కొందరు మిత్రులు అంటారు. పాశ్చాత్య స్త్రీవాదులు మూడో ప్రపంచ స్త్రీలను ఒకే మూసలో పోస్తారని 1980లలో ఘాటుగా విమర్శించిన చంద్రా తల్పడే మొహంతీయే మీస్ పుస్తకాన్ని అందుకు మినహాయింపుగా చూపింది. స్థానిక వివరాన్ని పట్టి పనిచేసిందనే కారణంతో. నాకున్న అసంతృప్తి వేరు. ఆ పుస్తకంలో కూలి ఉంది, గంటలున్నాయి, దళారీ ఉన్నాడు, కాని కుట్టు లేదు. ఆ వేళ్లు ఎలా లెక్కపెడతాయో, తప్పిన కుట్టును ఎక్కడిదాకా విప్పి మళ్లీ అందుకుంటాయో, నలుగురు కలిసి కూర్చున్నప్పుడు మాట ఆగకుండా లెక్క ఎలా నిలుస్తుందో లేదు. అది సామాజికశాస్త్రం చేయాల్సిన పని కాకపోవచ్చు. కథకుడిది మాత్రం అవును.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. అది పేరును కాపాడుతుంది, ఈ పేరుతో ఇంకొకరు అమ్మకుండా చేస్తుంది. కుట్టుకు ఎంత ఇవ్వాలో దానిలో ఉండదు. చైనా నుంచి చవకగా వచ్చే యంత్రపు లేసు ఇప్పటికే చాలా అరుగుల్ని ఖాళీ చేసింది. రాజోలు, మలికిపురంవైపు స్త్రీలు ఎంతోమంది కువైట్‌కు, మస్కట్‌కు ఇంటిపనికి వెళ్లారు, ఇంకా వెళుతున్నారు. అలా వెళ్లి ఆరేళ్లకు తిరిగివచ్చిన ఒకామెను, మళ్లీ సూది పట్టలేదేమమ్మా అని ఆమధ్య అడిగాను. “అక్కడా ఊడవడం, వండడం, పిల్లల్ని చూడడమే కదండీ మాస్టారూ. మరి దానికి నెలనెలా జీతం ఇచ్చారు” అంది. ఎంత ఇచ్చారో కూడా చెప్పింది. మా ఊళ్లో ఏ లేసు ఏజెంటూ ఆ అంకె దరిదాపుల్లోకి రాడు.