పంటకాపు తుపాకియు రాష్ట్రపు టెల్లయు

అడవిపందులు వేరుసెనగ చేలను కుళ్లగించు గ్రామములలో తుపాకి లైసెన్సు గల రైతులు కొందరు కలరు. 1959 సంవత్సరపు ఆయుధముల చట్టము పంటరక్షణకై మూతినుండి మందు దట్టించెడి తుపాకికి లైసెన్సు నిచ్చుటకు వీలు కల్పించినది. అయినను లైసెన్సులో వ్రాసిన ప్రాంతమువరకే యది చెల్లును.

2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వేరైనవి. ఏటి కావలి వియ్యంకుని యూరు కదలలేదు గాని, యిప్పుడది వేరు రాష్ట్రము. అతని చేనను పందులు పడినవని తుపాకిని గోనెలో చుట్టి బస్సెక్కుట మంచితనమే కావచ్చును. పోలీసువారు చూచునది మాత్రము కాగితమును.

షరతు మీరినచో 6 నెలలవరకు ఖైదుగాని, 2,000 రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని కలుగవచ్చును. అసలు లైసెన్సే లేనివానికి 2019 సవరణ పిమ్మట సామాన్యముగా 2 ఏండ్లకు తగ్గక 5 ఏండ్లవరకు ఖైదును, జరిమానాయును.

మరమ్మతుకై మేనల్లునిచేత తుపాకిని పంపు వాడుకను మేమెరుగుదుము. లైసెన్సుదారు వెంటనుండవలెను, లేదా వ్రాతపూర్వకమగు అనుమతి నీయవలెను. నోటిమాట చాలదు.

ఎల్ల దాటక తప్పనిచో, లైసెన్సు నిచ్చు అధికారికి ముందుగా అర్జీ పెట్టి, ఆ ప్రాంతమును అందు చేర్పించుకొనవలెను. ఆ ఉత్తరువు చేతికి వచ్చువరకు తుపాకి యింటనే యుండవలెను.