నలుపు కోసం వెతికే వెలుగు: లేజర్ చికిత్సపై అపోహలు, వాస్తవాలు

తిరువూరులో వేసవి ఎండ ఎలా ఉంటుందో ఆ ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు. మామిడి కోతలు, పెళ్ళి ముహూర్తాలు, కాలేజీ సెలవులు మూడూ ఆ ఎండలోనే కలిసి వస్తాయి. సరిగ్గా అప్పుడే ‘ఖాళీగానే ఉన్నాం కదా, వెంట్రుకలు పోవడానికి లేజర్ చేయించుకుందాం’ అని విజయవాడ బస్సెక్కాలనిపిస్తుంది. ఈ చికిత్సకు ఏడాది మొత్తంలో అంతకంటే చెడ్డ సమయం లేదు. ఆ మాట చెప్పేవాళ్ళే తక్కువ. మన చెవిన పడే సలహాల్లో కొన్ని ఎండ పెద్దగా ఎరగని దేశాల్లో తెల్లటి చర్మాల కోసం రాసినవి, మిగతావి పక్కింటి పిన్నిగారివి.

ముందు ఒక్క సంగతి తెలుసుకుంటే చాలా అపోహలు వాటంతటవే వీడిపోతాయి. లేజర్ కాంతికి వెంట్రుక అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది మెలనిన్ అనే నల్లరంగు ఒక్కటే. ఆ రంగు కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడి వెంట్రుక కాడ నుంచి కుదురుకు పాకి, మళ్ళీ వెంట్రుకను పుట్టించే కణాలను దెబ్బతీస్తుంది. ఒక రంగుకు తగిన కాంతిని ఎంచుకుని చుట్టుపక్కల చర్మం కాలకుండా ఆ రంగున్న చోటునే కాల్చవచ్చని అమెరికా వైద్యులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ 1983లో వివరించారు. తెల్లవాళ్ళలో నలుపు దాదాపుగా వెంట్రుకలోనే ఉంటుంది. మనకు వెంట్రుకలోనూ ఉంటుంది, చర్మంలోనూ ఉంటుంది. చిక్కంతా అక్కడే. చికిత్సకు ముందూ తర్వాతా పాటించమనే నియమాల్లో ముఖ్యమైనవన్నీ ఇందులోంచి పుట్టినవే: కాంతికి కుదురులో నలుపు దొరకాలి, చర్మం మీద వీలైనంత తక్కువ దొరకాలి.

అపోహ: ముఖానికి బ్లేడు తగిలిస్తే గడ్డం మొలుస్తుంది. వ్యాక్సింగ్ చేయించుకుని శుభ్రంగా వెళ్ళడమే మేలు.

మన ఇళ్ళలో ఇంత లోతుగా నాటుకున్న నమ్మకం మరొకటి లేదేమో. నిజానికి ఇది పూర్తిగా తలకిందులు. వ్యాక్సింగ్, త్రెడ్డింగ్, పట్టకారుతో పీకడం, మూడూ వెంట్రుకను కుదురులోంచి లాగేస్తాయి. అక్కడ నల్లటి కాడ లేకపోతే కాంతి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆ సిట్టింగ్‌కు కట్టిన డబ్బు వృథా. అందుకే మొదటి సిట్టింగ్‌కు కనీసం 4 వారాల ముందు నుంచీ, ఆ తర్వాత సిట్టింగుల మధ్య కూడా వీటిని మానేయమంటారు. షేవింగ్ అలా కాదు. చర్మం పైనున్న భాగాన్నే కోస్తుంది, కుదురు జోలికి పోదు. ముందురోజు షేవ్ చేసుకుని రమ్మనడం అందుకే. చేయకుండా వెళితే పైన మిగిలిన వెంట్రుకే ముందు వేడెక్కి, చర్మం మీదే మాడి, మచ్చ వదిలిపెడుతుంది.

ఇక గడ్డం సంగతి. షేవింగ్‌తో వెంట్రుకల మందం, రంగు, పెరిగే వేగం మారవని మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1928లోనే కొలిచి చూపించారు. సహజంగా పెరిగిన వెంట్రుక మొన సన్నగా ఉంటుంది, కోసినది మొద్దుగా ఉంటుంది. చేతికి గరుకు తగిలేది అందుకే. మగపిల్లలకు గడ్డం దట్టమయ్యేది వయసుతో వచ్చే హార్మోన్ల వల్ల. సరిగ్గా అప్పుడే బ్లేడు కూడా పడుతుంది కాబట్టి నింద దాని మీదికి వెళ్ళింది. నాలుగు వారాలు పైపెదవి మీద నూగుతో కాలేజీకి ఎలా వెళ్ళాలని బెంగపడే అమ్మాయికి చిన్న ట్రిమ్మర్ చాలు. కనుబొమలకైతే ఈ బాధే లేదు. కంటికి అంత దగ్గరగా లేజర్ పెట్టకూడదు కాబట్టి అక్కడ త్రెడ్డింగ్ మామూలుగానే చేయించుకోవచ్చు.

అపోహ: ఒకసారి చేయిస్తే జన్మలో మళ్ళీ రావు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ యంత్రాలకు ఒప్పుకున్న మాట ‘శాశ్వతంగా తగ్గించడం’. ‘శాశ్వతంగా తొలగించడం’ అనేది ప్రకటనలవాళ్ళు చేర్చుకున్నది. ఏ సమయంలో చూసినా కొన్ని వెంట్రుకలు పెరుగుతుంటాయి, కొన్ని విశ్రాంతిలో ఉంటాయి. లేజర్ పనిచేసేది పెరుగుతున్న వాటి మీదే. అందుకే ముఖానికి 4 నుంచి 6 వారాలు, ఒంటికి 6 నుంచి 8 వారాలు ఎడమిచ్చి, సాధారణంగా 6 నుంచి 8 సిట్టింగులు చేస్తారు. తర్వాత ఏడాదికి ఒకటో రెండో అవసరం పడవచ్చు. తెల్లబడ్డ వెంట్రుకకు రంగే లేదు, కాబట్టి దాని మీద లేజర్ పనిచేయదు.

పెళ్ళికూతురి లెక్క ఇక్కడినుంచే వేసుకోవాలి. 6 సిట్టింగులు, మధ్యలో 5 విరామాలు. ఒక్కోటి 6 వారాలనుకుంటే 30 వారాలు, అంటే ఏడు నెలలు. వైశాఖంలో ముహూర్తముంటే వినాయక చవితి వెళ్ళేలోపే మొదలుపెట్టాలి. అప్పుడు ఎక్కువ సిట్టింగులు చలికాలంలో పడతాయి, నలుగుకు ముందు చర్మం తేరుకోవడానికి కొన్ని వారాలు మిగులుతాయి. పెళ్ళికి పది రోజుల ముందు ఒక సిట్టింగ్ చేయించుకుని, ఇంకా మంట తగ్గని చెంపల మీద సున్నిపిండితో రుద్దించుకోవడం కోరి తెచ్చుకునే కష్టం.

గడ్డం కింద ముతక వెంట్రుకలు, దానితోపాటు నెలసరి తప్పుతుంటే లేజర్ కంటే ముందు డాక్టర్‌ను కలవాలి. పీసీఓఎస్ లాంటి హార్మోన్ల సమస్య ఉంటే ఒకపక్క లేజర్ తగ్గిస్తుంటే, ఇంకోపక్క ఒళ్ళు కొత్తవి మొలిపిస్తూనే ఉంటుంది. ఇలాంటివాళ్ళ చెంపలు, దవడల మీది సన్నటి నూగుకు లేజర్ పెడితే అది పోకపోగా ముతకబారడం అరుదుగా జరుగుతుంది. దక్షిణాసియా వాళ్ళలో ఇది కనిపిస్తుందని చర్మ వైద్యులకు తెలుసు. ప్యాకేజీ అమ్మేవాళ్ళు మాత్రం దీని ఊసెత్తరు.

అపోహ: చాయ తక్కువ వాళ్ళకు లేజర్ పనికిరాదు.

ఒకప్పుడు ఇది నిజానికి దగ్గరే. 1990ల్లో తొలినాళ్ళలో వాడిన రూబీ లేజర్ కాంతి 694 నానోమీటర్లది. చర్మంలోని మెలనిన్ దాన్ని ఆబగా పీల్చుకునేది. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ పైచర్మం పీల్చుకునేది తగ్గి, కాంతి లోతుకు దిగుతుంది. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ ముదురు రంగుకు అన్నిటికంటే భద్రమైనదని చెప్పేది అందుకే. మంచి శీతలీకరణ ఉంటే 810 నానోమీటర్ల ప్రాంతంలోని డయోడ్‌నూ మన చర్మాలకు వాడతారు. చర్మాన్ని రకాలుగా విడదీసే కొలమానం 1975లో అమెరికా చర్మ వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ తయారుచేసినది. మొదట అది తెల్ల చర్మాలకే ఉద్దేశించింది, మన రంగులు తర్వాత చేరాయి. ఇప్పుడు మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తాం. కాబట్టి ‘ఎంత తీసుకుంటారు’ అని అడిగేముందు ‘ఏ యంత్రం, ఎవరు చేస్తారు, ముందు చిన్నచోట పరీక్షించి చూస్తారా’ అని అడగాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకునే ఇంటి పరికరాలు ఎక్కువగా ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) రకానివి, అసలు లేజర్లే కావు. బాగా ముదురు చాయకు వాడొద్దని చాలావాటి పెట్టెలోని కాగితంలోనే ఉంటుంది.

అపోహ: చున్నీ కట్టుకుంటాం కాబట్టి ఎండ సమస్య మనకు లేదు.

స్కూటీ మీద వెళ్ళేటప్పుడు ముఖానికి చుట్టుకునే పలుచటి చున్నీలోంచి అతినీలలోహిత కిరణాలు కొంతవరకు దూరిపోతాయి. ముంజేతులు, మెడ వెనక భాగం ఎలాగూ బయటే. ఎండకు కమిలిన చర్మం అంటే కొత్తగా మెలనిన్ పోసుకున్న చర్మం. దాని మీద లేజర్ పెడితే కాంతి దారిలోనే ఆగిపోతుంది, బొబ్బలెక్కుతాయి, నల్ల మచ్చలో తెల్ల మచ్చలో మిగులుతాయి. ముందు నాలుగు వారాలు ఎండకు దూరంగా ఉండమనేది ఇందుకే. మిర్చి కల్లాల్లోనో తోటల్లోనో రోజంతా పనిచేసి వచ్చినవాళ్ళు ఆ సంగతి దాచకుండా చెప్పి, సిట్టింగ్ వాయిదా వేయించుకోవాలి.

తర్వాత కూడా ఇంతే. వేడి తిన్న చర్మం ఎండకు మామూలుకంటే తేలిగ్గా నల్లబడుతుంది. ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపై సన్‌స్క్రీన్‌ను ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ళ పొడవున తీసుకుని రాయాలి, బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్ళీ రాయాలి. బస్సు సీటు కూడా చూసుకోవాల్సిందే. విజయవాడ నుంచి తిరువూరు దారి ఉత్తరానికి సాగుతుంది, మధ్యాహ్నం దాటాక ఎండంతా ఎడమవైపు కిటికీలకే. అద్దం మూసినా యూవీఏ రకం అతినీలలోహిత కిరణాలు లోపలికి వస్తాయి. కుడివైపు కూర్చుంటే సరి.

అపోహ: పసుపు రాసుకుని వెళితే చర్మానికి రక్ష. వెంట్రుకలు కూడా పలచబడతాయి.

పసిపిల్లకు నలుగు పెడితే ఒంటి మీద నూగు రాలిపోయిందని అమ్మమ్మలు చెబుతారు. ఆ నూగు నలుగు పెట్టినా పెట్టకున్నా కొన్ని వారాల్లో దానంతటదే రాలిపోయేదే. లేజర్ రోజున చర్మం మీద పసుపు, బొట్టు, కాటుక, పౌడరు, సెంటు ఏదీ ఉండకూడదు. రంగున్నదేదైనా కాంతిని దారిలో పట్టుకోగలదు. పచ్చబొట్టు ఉన్నచోట లేజర్ అసలు పెట్టించుకోవద్దు, సిరా వేడెక్కి చర్మం కాలుతుంది. పుట్టుమచ్చలనూ కప్పి ఉంచాలి.

అపోహ: నొప్పి తెలియకుండా మత్తు క్రీము దండిగా పూసుకుని, కవరు చుట్టుకుని వెళ్ళాలి.

దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇలాగే లేజర్‌కు ముందు కాళ్ళకు మత్తు మందు పూసుకుని, పైన ప్లాస్టిక్ చుట్టుకున్న ఇద్దరు యువతులు అమెరికాలో చనిపోయాక, 2007లో ఎఫ్‌డీఏ బహిరంగ హెచ్చరిక ఇచ్చింది. ఎక్కువ మేర పూసి గాలాడకుండా మూస్తే లిడొకైన్ లాంటి మందు రక్తంలోకి చేరి గుండెను, మెదడును దెబ్బతీస్తుంది. అవసరమైతే డాక్టర్ చెప్పిన మోతాదు, చెప్పినంత చోటే. చాలామందికి చల్లదనం ఒక్కటే సరిపోతుంది. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది, అంతే.

లేజర్ క్యాన్సర్ తెస్తుంది, పిల్లలు పుట్టరు అనే భయాలకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఇది ఎక్స్‌రేలా కణాల్లోని డీఎన్ఏను తెంచే కిరణం కాదు, దిగేది కొన్ని మిల్లీమీటర్లే. గర్భిణులు వాయిదా వేసుకోవడం మాత్రం మంచిది, వాళ్ళ మీద సరైన పరిశీలనలు లేవు కనుక.

అపోహ: ఎర్రబడిందంటే కాలినట్టే. వారానికే వెంట్రుకలు కనిపిస్తే మోసమే.

కుదుళ్ళ చుట్టూ ఎర్రటి చిన్న ఉబ్బు రావడం కాంతి తగలాల్సిన చోట తగిలిందనడానికి గుర్తు. కొన్ని గంటల్లో, మహా అయితే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు, వాసనలేని మాయిశ్చరైజర్ చాలు. ఒకటి రెండు రోజులు వేడినీళ్ళ తలంటు, ఆవిరి, చెమట పట్టే వ్యాయామం వద్దు. తర్వాతి ఒకటి నుంచి మూడు వారాల్లో పైకి వచ్చే నల్లటి మొనలు కొత్తగా మొలిచినవి కావు, చచ్చిన వెంట్రుకలు బయటికి నెట్టబడుతున్నవి. స్నానంలో మెత్తగా తుడుస్తుంటే రాలిపోతాయి, పీకకూడదు.

బొబ్బలు లేచినా, చీము పట్టినా, మచ్చ ముదురుతున్నా చికిత్స చేసిన డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. చాలామంది అలా వెళ్ళరు. ముందు నిమ్మరసమో టూత్‌పేస్టో రాస్తారు, తగ్గకపోతే మందుల షాపుకు వెళ్ళి ‘మచ్చలు పోయే ట్యూబు’ అడుగుతారు. చేతికొచ్చేది తరచూ ఘాటైన స్టిరాయిడ్ కలిసిన క్రీము. డాక్టర్ రెండు మూడు రోజులకని రాసిచ్చే స్టిరాయిడ్ వేరు. షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి రాసేది వేరు. మొదట్లో ముఖం తేటగా మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్ర రక్తనాళాలు పైకి తేలతాయి, మానేస్తే మంట. వాటితోపాటు, అదే చెంపల మీద, కొత్త వెంట్రుకలూ మొలుస్తాయి.