పాత కంప్యూటరుకు కొత్త అట్టలు

మన షోలాపూర్ తూర్పు పేటల్లో ఇప్పుడు చాలా ఇండ్లల్లో ఒక పాత కంప్యూటరు ఉంది. లాక్‌డౌన్ నాడు పిల్లల చదువు కోసమని కొన్నది కొందరిది. ఆఫీసోళ్లు తీసేస్తే అగ్గువకు తెచ్చుకున్నది కొందరిది. ఇప్పుడది మూలకు పడి, మీద గుడ్డ కప్పుకొని కూసున్నది. ఇంట్లో అడిగితే "పాతదైంది, నడవదు" అంటారు. దుకాణంలో అడిగితే "కొత్తది తీసుకపోండి, కిస్తుల మీద ఇస్తాం" అంటారు.

బీడీలు చుట్టి, టవళ్ల అంచులు కుట్టి ఆడవాళ్లు కూడబెట్టిన పైసలు కిస్తులకు పోయే ముందు ఈ ముచ్చట జర చదవండి. నేను నాలుగో తరగతి చదివి మగ్గం కాడికి పోయినవాణ్ణి. ఇంగ్లీషు కూడబలుక్కొని చదువుతాను. మా మనవరాలు పక్కన కూసుండి చూపిస్తే నేర్చుకున్నాను. నాకు వచ్చిందంటే మీకూ వస్తది.

మిషన్ చెడలేదు

ముందు ఒక మాట తేల్చుకుందాం. చాలా ఇండ్లల్లో మిషన్ చెడిపోలేదు. దాన్ని నడిపించే విండోస్ 10కి మామూలుగా వచ్చే రక్షణ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగినయి. అవి లేకుండా బ్యాంకు పనులు చేస్తే దొంగలకు తలుపు తీసిపెట్టినట్టే. మరి విండోస్ 11 ఎక్కిద్దామంటే దానికి టీపీఎం 2.0 అనే రక్షణ ఏర్పాటు, కొత్త రకం ప్రాసెసర్ ఉండాలని షరతు. మన పాత మిషన్లు చాలావరకు ఆ షరతు కాడనే ఆగిపోతయి. మోటారు మంచిగ ఉన్న మగ్గాన్ని తుక్కు కింద అమ్ముతామా? ఇదీ అంతే.

ఇంకో దారి ఉంది. దాని పేరు లైనక్స్. 1991లో ఫిన్లాండ్ దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏండ్ల విద్యార్థి మొదలుపెట్టిండు. తర్వాత ప్రపంచమంతా వేలమంది చెయ్యి వేసిండ్రు. దానికి పైస ఇయ్యనక్కర లేదు. ఒకరు తెచ్చుకొని పక్కింటికి ఇచ్చినా దొంగతనం కాదు, ఇచ్చుకొమ్మనే వాళ్లు రాసిపెట్టిండ్రు. మన ఫోన్లల్లో ఉండే ఆండ్రాయిడ్ కూడా ఈ లైనక్స్ మీదనే నడుస్తది. అంటే ఇది కొత్త వింత కాదు, రోజూ మన జేబుల ఉన్నదే.

జకార్డు తెలిసినోళ్లకు ఇది తెలిసినట్టే

మనకు చాదర్ మీద పువ్వు ఎట్ల పడుతది? జకార్డు అట్టలతోని. అట్టకు రంధ్రం ఉన్నకాడ పడుగు పోగు లేస్తది, లేనికాడ లేవదు. ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన 1804లో ఈ పద్ధతి తెచ్చిండు. తర్వాత ఇంగ్లాండులో చార్లెస్ బాబేజ్ తను తలపెట్టిన లెక్కల యంత్రానికి ఆ అట్టల ఆలోచననే తీసుకున్నడు. కంప్యూటరు వంశంలో మన మగ్గం కూడా ఒక పెద్దమనిషే.

మగ్గం అదే ఉంటది, మోటారు అదే ఉంటది. అట్టలు మార్చితే నెమలి పోయి పువ్వు వస్తది. లైనక్స్‌లో కూడా లోపల నడిచే మోటారు వేరు, కంటికి కనిపించే డిజైన్ వేరు. ఈ కనిపించేదాన్ని డెస్క్‌టాప్ అంటారు. కింద ఉండే పట్టీ, మెనూ, బొమ్మలు, అక్షరాల సైజు, వెనుక రంగు అన్నీ దాంట్లోవే. వీటిల్లో చాలా రకాలున్నయి. పాత మిషన్లకు తేలికైనది ఎక్స్‌ఎఫ్‌సీఈ. 1996 నుంచి ఉంది, దాని గుర్తు ఒక చిట్టెలుక. లైనక్స్ మింట్ అనేదాంట్లో ఈ ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం దొరుకుతది. 2 జీబీ ర్యామ్ ఉన్నా ఎక్కుతది, 4 జీబీ ఉంటే సుఖంగ నడుస్తది. మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లు వస్తయి. మరీ పాత 32 బిట్ల ప్రాసెసర్ అయితే మాత్రం మింట్ 22 ఎక్కదు.

ముందు రుచి చూడండి

ఇందులో నాకు బాగా నచ్చింది ఏందంటే, కంప్యూటర్ల ఉన్నదాన్ని ముట్టుకోకుండనే చూడొచ్చు.

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. దాంట్లో ఫోటోలుంటే ముందు తీసెయ్యండి, అన్నీ చెరిగిపోతయి. నడిచే కంప్యూటరు ఉన్నోళ్ల దగ్గర మింట్ వాళ్ల సొంత వెబ్‌సైటు నుంచి ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం ఫైలు దింపించండి. దాన్ని ఊరికె పెన్‌డ్రైవ్‌లో కాపీ చేస్తే పనికిరాదు. బలేనా ఎచర్ వంటి పనిముట్టుతోని ఎక్కించాలె. తర్వాత పెన్‌డ్రైవ్ పాత కంప్యూటరుకు పెట్టి, స్విచ్ వేసిన వెంటనే ఎఫ్ 12 నొక్కండి. కొన్ని కంపెనీలవాటికి ఎఫ్ 9, ఎఫ్ 2, లేదా ఎస్కేప్ ఉంటది. జాబితా వస్తే పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి.

మింట్ తెర వస్తది. ఒక రెండు గంటలు అట్లనే వాడండి. వైఫై పడుతుందా, పాట వినిపిస్తుందా, ప్రింటరు కాయితం తీస్తుందా చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి కాబట్టి జర నెమ్మదిగ ఉంటది, దానికి బెదరొద్దు. నచ్చకపోతే ఆపి పెన్‌డ్రైవ్ తీసెయ్యండి. మీ పాత విండోస్ ఎట్లున్నది అట్లనే ఉంటది.

నచ్చితే తెర మీద ఉండే ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కండి. ఇక్కడ ఒక్క జాగ్రత్త. "ఎరేజ్ డిస్క్" అనేది ఎంచుకుంటే పాతవన్నీ పోతయి. పెండ్లి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు ముందే వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. విండోస్ కూడా ఉంచుకోవాలంటే "ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్" ఎంచుకోవాలె. అప్పుడు కూడా ఫోటోలు ముందు తీసుకున్నాకనే పని మొదలుపెట్టండి.

ఎవరి కంటికి తగ్గట్టు వాళ్లకు

ఇగ అసలు పని. దుకాణంల కుట్టిన అంగీ అందరికీ సరిపోదు కదా, కొలత పట్టాలె.

అక్షరాలు చిన్నగ ఉన్నయా? మెనూలో సెట్టింగ్స్‌కు పోయి, "అప్పియరెన్స్"లో "ఫాంట్స్" తెరవండి. డీపీఐ అనే అంకె 96 ఉంటది. దాన్ని 120 చేయండి. అంతటా అక్షరం పెద్దగైతది. నలభై ఏండ్లు పోగులు చూసి కండ్లు అలిసినోళ్లకు ఇదొక్కటే సగం పని చేస్తది. బాణం గుర్తు కనబడకపోతే "మౌస్ అండ్ టచ్‌ప్యాడ్"లో దాని సైజు పెంచండి. కింది పట్టీ సన్నగ ఉంటే దాని మీద మౌసు కుడి బటన్ నొక్కి, "ప్యానెల్ ప్రిఫరెన్సెస్"లో "రో సైజ్" పెంచండి. రోజూ వాడేవి రెండు మూడే ఉంటయి. మెనూలో వాటి మీద కుడి బటన్ నొక్కి "యాడ్ టు డెస్క్‌టాప్" అంటే ఎదురుంగ వచ్చి కూసుంటయి.

ఇంట్లో నలుగురుంటే నలుగురికి నాలుగు ఖాతాలు చేయండి. "యూజర్స్ అండ్ గ్రూప్స్"లో అది ఉంటది. ఒకరి అమరిక ఇంకొకరికి అడ్డం రాదు. మా ఇంట్లో నా ఖాతాల అక్షరాలు పెద్దగ, బొమ్మలు మూడే. మనవరాలి ఖాతాల నల్ల రంగు, సన్న అక్షరాలు. మగ్గం ఒక్కటే, అట్టలు వేరు.

కొత్త అమరికలు చేసే ముందు "టైమ్‌షిఫ్ట్" అనేదాంతోని ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి. సిస్టమ్ అటు ఇటు అయితే మళ్లీ ఆనాటి స్థితికి తెచ్చుకోవచ్చు. కాని మీ ఫోటోలు, ఫైళ్లు దాంట్లోకి రావు. అవి వేరేగ దాచుకోవలసిందే.

తెలుగు తెర

మన పిల్లలు మరాఠీ బడికి, ఇంగ్లీషు బడికి పోతున్నరు. ఇంట్లో తెలుగు మాట్లాడుతరు గని, రాయమంటే తల గోక్కుంటరు. అందుకే ఈ పని తప్పక చేయండి. "కీబోర్డ్" సెట్టింగ్స్‌లో "లేఅవుట్"కు పోయి, తెలుగు చేర్చండి. ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారడానికి ఏ మీట నొక్కాలో కూడా అక్కడనే పెట్టుకోవచ్చు. ఇట్ల వచ్చేది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. ఎడమ చేతి కింద అచ్చులు, గుణింతాలు, కుడి చేతి కింద హల్లులు.

ఇందులో మనలాంటోళ్లకు ఒక పెద్ద లాభం ఉంది. మరాఠీకి, హిందీకి కూడా ఇదే అమరిక. తెలుగు "క" ఏ మీట మీద ఉందో మరాఠీ "క" కూడా ఆ మీట మీదనే. తెలుగులో వేళ్లు తిరిగితే మరాఠీ టైపింగు సగం వచ్చినట్టే. పిల్లలకు తెలుగు నేర్పుడు దండుగ అనేటోళ్లకు ఈ మాట చెప్పండి.

"లాంగ్వేజెస్" అనే కాడ తెలుగు పెట్టుకుంటే మెనూలు కూడా తెలుగులోకి వస్తయి. అన్నీ రావు, కొన్ని ఇంగ్లీషులోనే మిగులుతయి. అయినా "దస్త్రం" అని తెర మీద చూసినప్పుడు పెద్దోళ్ల ముఖం చూడాలె.

కానివి కూడా చెప్పాలె

ట్యాలీ విండోస్ కోసం చేసింది, దాని మీద లెక్కలు రాసే పిల్లలు విండోస్ ఉంచుకోవాలె. కొన్ని ప్రింటర్లు మొండికేస్తయి. 4 జీబీ మిషన్‌లో ఒక్కసారే పది పేజీలు తెరిస్తే ఇదైనా ఆయాసపడుతది. కాని ఉత్తరం రాసుకోను, లెక్కలు వేసుకోను లిబ్రేఆఫీస్ దాంతోనే వస్తది. కరెంటు బిల్లు, పీఎఫ్ పాస్‌బుక్, పిల్లల ఫలితాలు, వాట్సాప్ వెబ్ అన్నీ ఫైర్‌ఫాక్స్‌లో అయితయి. మన ఇండ్లకు కావలసింది చాలావరకు ఇదే.

ఒక గల్లీకి ఒక్క పెన్‌డ్రైవ్ చాలు. చదువుకునే పిల్లలు ఎక్కించి ఇయ్యాలె, పెద్దోళ్లు తమ కంటికి ఏది కావాలో నోరు తెరిచి చెప్పాలె. ఈ ఆదివారం మూలకున్న మిషన్ మీద గుడ్డ తీసి, దుమ్ము దులిపి, ముందు ర్యామ్ ఎంతుందో చూడండి.