ఆస్పత్రి బాస్ మారితే మనకేంటి?

మా టీమ్ మూడేళ్లుగా అమెరికాలోని ఒక ఆస్పత్రికి సాఫ్ట్‌వేర్ రాస్తోంది. నర్సు మందు ఇచ్చే ముందు పేషెంట్ చేతికున్న బ్యాండ్‌నీ, మందు మీదున్న బార్‌కోడ్‌నీ స్కాన్ చేయాలి. రెండూ కలవకపోతే స్క్రీన్ మీద ఎర్రగా అలర్ట్ వస్తుంది. సగం వార్డుల్లో పెట్టేశాం. ఇంతలో అక్కడ సీఈఓ మారారు. కొత్తాయన వచ్చిన నెలకే ‘హోల్డ్’ అంటూ మెయిల్. ఏడాది తిరిగేసరికి ఆయనా వెళ్లిపోయారు. మూడో సీఈఓ వచ్చి ‘అసలు దీన్నెందుకు ఆపారు?’ అని అడిగితే, జవాబు చెప్పేవాళ్లు అక్కడ ఒక్కరూ మిగల్లేదు!

మేనేజర్ మారితే ప్లాన్ తారుమారవడం మా ఫీల్డ్‌లో మామూలే. కానీ ఇక్కడ ఆగింది పేషెంట్‌కి తప్పు మందు వెళ్లకుండా అడ్డుకునే పని.

ఆరింట్లో ఒకటి!

ఇది ఒక్క ఆస్పత్రి కథేం కాదు. అమెరికాలో ఆస్పత్రి అధికారుల సంఘం ‘అమెరికన్ కాలేజ్ ఆఫ్ హెల్త్‌కేర్ ఎగ్జిక్యూటివ్స్’ ఏటా ఈ లెక్క తీస్తుంది. 2013లో 20 శాతం ఆస్పత్రుల్లో సీఈఓలు మారారు. 2020 తర్వాత అది 16 శాతం దగ్గర ఉంది. అంటే ఏటా ఆరు ఆస్పత్రుల్లో ఒకదానికి బాస్ మారుతున్నట్టే. రిటైర్మెంట్లు, విలీనాలు, నష్టాలు, బోర్డుతో గొడవలు... కారణాలు చాలానే. కొత్తవాళ్లు రాగానే పాత ప్రాజెక్టులు పక్కకెళ్తాయి. కింది స్టాఫ్ కూడా ‘ఈయనా ఎన్నాళ్లుంటాడులే’ అనుకుంటారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

ఇరవై ఏళ్లు ఒక్కరే

దీనికి పూర్తి రివర్స్ సియాటెల్‌లోని వర్జీనియా మేసన్ ఆస్పత్రి. 2000లో డాక్టర్ గ్యారీ కాప్లాన్ సీఈఓ అయ్యారు. 2002లో తన టీమ్‌ని తీసుకుని జపాన్ వెళ్లి, టొయోటా పద్ధతి నేర్చుకొచ్చారు. ఆ కంపెనీలో చిన్న లోపం కనిపించినా కార్మికుడు తాడు లాగి లైన్ ఆపేయొచ్చు. అలాగే పేషెంట్‌కి ప్రమాదం అనిపిస్తే ఏ ఉద్యోగైనా పని ఆపించొచ్చని ఆస్పత్రిలో రూల్ పెట్టారు. ‘మనుషులు కార్లా?’ అంటూ కొందరు డాక్టర్లు వెళ్లిపోయారు కూడా.

2004లో పెద్ద దెబ్బ. స్కాన్‌లో వాడే డై బదులు, చర్మం శుభ్రం చేసే ద్రావణాన్ని ఇంజెక్ట్ చేయడంతో ఒక పేషెంట్ చనిపోయారు. దాచేసే చాన్సుంది. కానీ ఆస్పత్రి తప్పు ఒప్పుకుని, బహిరంగంగా క్షమాపణ చెప్పింది. పేషెంట్ భద్రతే మొదటి లక్ష్యమని ప్రకటించింది. 2010లో ‘లీప్‌ఫ్రాగ్’ సంస్థ ఆ దశాబ్దపు టాప్ ఆస్పత్రులు రెండింటిని ఎంపిక చేస్తే, అందులో వర్జీనియా మేసన్ ఒకటి. కాప్లాన్ దాదాపు ఇరవై ఏళ్లు ఆ కుర్చీలోనే ఉన్నారు. రెండో ఏడాదే సీఈఓ మారి ఉంటే ఆ రూల్ గోడమీద పోస్టర్‌గా మిగిలేదేమో!

మరి మన దగ్గర?

మన ప్రభుత్వ పెద్దాసుపత్రులకు సీఈఓ ఉండరు, సూపరింటెండెంట్ ఉంటారు. సీనియర్ డాక్టరే ఆ బాధ్యత చూస్తారు. చాలాసార్లు రిటైర్మెంట్ దగ్గరపడ్డాకే ఆ కుర్చీ దక్కుతుంది. మందుల స్టోర్ నుంచి లిఫ్ట్ రిపేర్ దాకా అర్థం చేసుకునేలోపే టైమ్ అయిపోతుంది.

అలాగని ఎవర్నైనా ఇరవై ఏళ్లు కూర్చోబెట్టమని కాదు. పనిచేయనివాళ్లు ఎక్కువకాలం ఉన్నా ప్రమాదమే. చేయాల్సింది సింపుల్: తర్వాత ఎవరో ముందే ఎంచుకుని తయారుచేయాలి, కొన్ని నెలలు పక్కన ఉంచి పని నేర్పాలి, పేషెంట్ల ప్రాణాలకు సంబంధించిన పనులు బాస్ మారినా ఆగకూడదని బోర్డు రాసి పెట్టుకోవాలి. మేం కోడ్‌లో చేసేది కూడా అదే. ఎవరు రాజీనామా చేసినా సర్వర్ పడిపోకూడదు కదా!

అన్నట్టు, మా బార్‌కోడ్ ప్రాజెక్ట్ మళ్లీ మొదలైంది. ఈ సీఈఓ అయినా నాలుగేళ్లు ఉండాలని మా టీమ్ అంతా కోరుకుంటోంది.